గానుగ వారి నూనె

కాజీపేట,
డిసెంబరు మొదటి వారం

చెల్లె విమలకు,

నేనిక్కడ క్షేమం అని రాయబోయి ఆగాను. అబద్ధంతో ఉత్తరం మొదలుపెట్టడం ఎందుకు? చలి మొదలైన దగ్గర్నుంచి నా ఒళ్ళు నా మాట వినడం లేదు. చర్మం ఎండిపోయి పొట్టు రాలుతోంది. పొద్దున దుప్పటి దులిపితే పిండిమర దగ్గర నిల్చున్నట్టుంది. మొన్న ఏమీ తోచక ముంజేతి మీద గోటితో నా పేరు రాసుకున్నాను. పలక మీద బలపంతో రాసినట్టు తెల్లగా, స్పష్టంగా వచ్చింది. సంతకం కూడా పెట్టాను.

దురద సంగతి చెప్పుకుంటే సిగ్గు. ఆదివారం చర్చిలో పాస్టరుగారు ప్రార్థన చేస్తుంటే వీపు భరించలేక బెంచీకి రాసుకున్నాను. బెంచీ కిర్రుమంది. ముందు వరుసలో వాళ్ళందరూ కళ్ళు తెరిచారు.

ప్రీతి సికింద్రాబాదు నుంచి రెండు లోషన్లు పంపింది. ఒకటి మామిడిపండు వాసన, ఇంకొకటి ఏదో పువ్వు వాసన. రాసుకుంటే మంట. కూతురు ఫోన్ చేసినప్పుడు మాత్రం 'చాలా బాగుందమ్మా' అంటున్నాను.

చిన్నప్పుడు చలికాలంలో అమ్మ మనకేదో రాసేది. అదేమిటో గుర్తు రావడం లేదు. నీకు గుర్తుంటుంది. ఫోన్లో అడుగుదామని పోయినవారం ప్రయత్నించాను కదా, నేను 'దురద' అంటే నువ్వు 'వరదా? ఏ ఊర్లో?' అని కంగారుపడ్డావు. నీ చెవులతో ఇక ఫోన్ దండగ. ఉత్తరమే నయం. బావకు నా నమస్కారాలు చెప్పు.

నీ అన్న,
సుందర్ రావు


బల్లార్షా,
డిసెంబరు

అన్నా,

నీ ఉత్తరం చదివి ముందు నవ్వాను, తర్వాత నవ్వినందుకు బాధపడ్డాను. మీ బావ జోయెల్ గారికి చదివి వినిపిస్తే ఆయన కూడా అదే వరసలో రెండూ చేశారు.

అమ్మ రాసింది నువ్వుల నూనె. గోరువెచ్చగా చేసి, ఎండలో కూర్చోబెట్టి, మనం పారిపోకుండా జుట్టు పట్టుకుని రాసేది. తర్వాత పెసరపిండితో రుద్దేది. సబ్బు పండగలకే. నువ్వు మాత్రం రైల్వేలో చేరిన నాటి నుంచి ఆ ఎర్ర సబ్బు వదలలేదు. ముందు దాన్ని మానెయ్. పాల మీగడలో చిటికెడు శనగపిండి కలిపి చేతులకు, కాళ్ళకు పట్టించు. మడమల పగుళ్ళకు కొబ్బరి నూనెలో కాస్త తేనెమైనం కరిగించి, చల్లారాక రాసుకుని సాక్సులు వేసుకుని పడుకో. నిమ్మకాయ జోలికి పోకు. అది ఆరోగ్యమని ఎవరు చెప్పినా వినకు, పగిలిన చర్మానికి అది నిప్పు.

ఒక సంగతి. ప్యాకెట్ నూనెలు వద్దు. మీ వైపు కట్టె గానుగ ఎక్కడైనా ఉందేమో చూడు. నీ కళ్ళ ముందు ఆడించింది తెచ్చుకో. షుగరు పరీక్ష కూడా చేయించు, ఒక్కోసారి ఒళ్ళు ఎండేది అందుకే అంటారు.

గ్రేస్ ఉంటే నిన్ను ఇట్లా పొట్టు రాలనిచ్చేదా? హాస్టల్లో నా చేతులు పగిలితే తన వాటా వెన్న నా చేతులకు రాసిన పిల్ల. ఆ వెన్న చూసే నీకు చేసుకుందామనుకున్నాను. ఆరేళ్ళయినా వదిన పోయిందంటే నమ్మబుద్ధి కాదు.

జాగ్రత్త.

నీ చెల్లె,
విమల


కాజీపేట,
జనవరి

విమలా,

నీ వైద్యం మొదలుపెట్టాను. ఫలితాలు రాస్తున్నాను.

మీగడ. కాళ్ళకు పట్టించి వరండాలో ఎండకు కాళ్ళు చాపి పడుకున్నాను. హాయిగా నిద్ర పట్టింది. కలలో ఎవరో మెత్తగా పాదాలు ఒత్తుతున్నారు. కళ్ళు తెరిస్తే ఎదురింటి పిల్లి. సగం కాలు శుభ్రంగా నాకేసింది. మిగతా సగానికి దాని పిల్లలను పిలుచుకొచ్చింది. మీగడ బాగా పనిచేస్తుంది గానీ, తలుపేసుకుని రాసుకోవాలి.

ఇక అసలు సంగతి. గానుగ దొరికింది. చౌరస్తా దాటి దర్గాకు పోయే దారిలో చిన్న దుకాణం. కట్టె గానుగే, కాకపోతే ఎద్దుకు బదులు మోటారు తిప్పుతుంది. గుమ్మం ముందు నులక మంచం మీద బక్కమ్మ అని ఒక ముసలమ్మ ఎండ కాచుకుంటూ ఉంటుంది. ఎనభై దాటి ఉంటాయి. నీకంటే చెవుడు. నన్ను చూడగానే, 'ఏంది సారూ, గట్ల గోకుతానవ్? సున్నపు బట్టీల పడ్డవా?' అంది. తన చెయ్యి నా చేతి పక్కన పెట్టి, 'నీదాని కన్నా నాదే నయం, చూడుండ్రి' అని దారిన పోయేవాళ్ళకు చూపించింది. నిజమే, ఆమె చర్మం ముడతలు పడింది గానీ మెత్తగా ఉంది.

గానుగ వారు చాలా మంచివారు. నూనె అడిగితే, దేనికి, ఎక్కడ, ఎప్పటి నుంచి అని వివరంగా అడిగారు. కొబ్బరి నూనె మేలా, నువ్వుల నూనె మేలా అని నేను అడిగితే, తమకూ సరిగ్గా తెలియదని, ఒక్కో ఒంటికి ఒక్కోటి పడుతుందని అన్నారు. అందుకని కుడి కాలికి కొబ్బరి నూనె, ఎడమ కాలికి నువ్వుల నూనె రాసి చూస్తానన్నాను. గానుగ వారు ఎంత నవ్వారంటే, గరాటు కిందపడింది. వారం తర్వాత వెళ్ళి రెండు కాళ్ళూ చూపించాను. ఎడమ కాలే గెలిచింది. బక్కమ్మ తీర్పు చెప్పింది.

ఇంకో మాట కూడా గానుగ వారే చెప్పారు. ఒళ్ళు పూర్తిగా తుడుచుకుని, ఆరిన తర్వాత నూనె రాస్తే లాభం లేదట. స్నానం కాగానే, చర్మం ఇంకా తడిగా ఉన్నప్పుడే రాయాలి. అప్పుడు ఆ తడిని నూనె బయటికి పోనివ్వదు. చేసి చూశాను. రాత్రి గోక్కోకుండా నిద్రపోయాను. గానుగ వారికి చెబితే వాళ్ళు కూడా ఎంతో సంతోషించారు.

షుగరు పరీక్షకు ఇంకా పోలేదు. పోతాను.

నీ అన్న,
సుందర్ రావు


బల్లార్షా,
జనవరి చివర

అన్నా,

పిల్లి కథ మా వీధంతా పాకింది. మా ఇంటి పక్క మరాఠీ ఆవిడకు హిందీలో చెప్పడానికి నేను పడ్డ పాట్లు మీ బావ ఇప్పటికీ నటించి చూపిస్తున్నారు.

నువ్వు కోలుకుంటున్నందుకు దేవునికి స్తోత్రం. ఉత్తరం అంతా గానుగ వారే ఉన్నారు. ఆ గానుగాయన బక్కమ్మగారి కొడుకే కదా? నాకు చాలా సంతోషంగా ఉంది. గ్రేస్ పోయాక నువ్వు ఎవరితోనూ కలవడం లేదని ప్రీతి బాధపడేది. ఇప్పుడు నీకో మంచి స్నేహితుడు దొరికాడు. నీ వయసువాడేనా? పెళ్ళాం, పిల్లలు ఉన్నారా? ఆయనకు నా వందనాలు ప్రత్యేకంగా చెప్పు. ఒకరోజు ఇంటికి భోజనానికి పిలువు. నువ్వు వండితే మాత్రం వద్దు, హోటల్ నుంచి తెప్పించు.

నాకు కూడా చేతులు పగులుతున్నాయి. ఎన్నో ఏళ్ళు సుద్దముక్క పట్టుకున్న చేతులు కదా. నీకు చెప్పిన వైద్యం నేను చేసుకోను, అది వేరే సంగతి. ఆ నువ్వుల నూనె ఒక సీసా ఎవరైనా వస్తే పంపించు.

విమల


కాజీపేట,
ఫిబ్రవరి చివర

విమలా,

నువ్వు ఆయనకు చెప్పమన్న వందనాలు ఆమెకు చెప్పాను.

అవును. గానుగ వారంటే ఆమె. పేరు స్నేహలత. బక్కమ్మ కొడుకు పోయి చాలా కాలమైంది. స్నేహలత ఆమె కోడలు. పిల్లలు లేరు. మొగుడు పోయాక పుట్టింటివాళ్ళు వచ్చి తీసుకుపోతామంటే, 'అత్తను ఎవలకు ఇడిసిపెట్టి రావాలె?' అని ఉండిపోయింది. ఇద్దరూ కలిసి గానుగ నడుపుతున్నారు. నేను నీకు అబద్ధం రాయలేదు. 'గానుగ వారు' అన్నాను, అంతే. ఎందుకు అట్లా రాశానో అప్పుడు నాకే తెలియదు. ఇప్పుడు తెలిసింది.

వరసగా చెబుతాను. సంక్రాంతి దాటాక పిక్కల మీద గోకి గోకి పుండ్లు పడ్డాయి. అవి చూసి స్నేహలత, 'నూనె నూనె అనుకుంట ఇంట్ల కూసుంటే కాదు సారూ. పుండైనంక దవాఖానకు పోవాలె' అని దుకాణం బక్కమ్మకు అప్పజెప్పి, ఆటో పిలిచింది. షుగరు లేదు, ఫికర్ పడకు. డాక్టరమ్మ పుండ్లకు మందు రాసి, 'స్నానానికి నీళ్ళు ఎంత వేడిగా పెట్టుకుంటారు?' అని అడిగింది. పొగలు రావాలి, లేకపోతే నాకు స్నానం చేసినట్టే ఉండదు అన్నాను. డాక్టరమ్మ ఏమీ అనకముందే స్నేహలత నెత్తి కొట్టుకుంది. 'ఇన్నొద్దుల సంది నేనిచ్చిన నూనెంత ఉడుకు నీళ్ళల్ల పోస్తానవా?' అంది. డాక్టరమ్మ నవ్వు ఆపుకోలేక మేజా మీద తల పెట్టింది. ఇప్పుడు గోరువెచ్చని నీళ్ళు, కాసేపే స్నానం. వీపు రెండు వారాలుగా బెంచీ జోలికి పోలేదు.

తర్వాత మేడారం జాతర వచ్చింది. స్నేహలత మొక్కు తీర్చుకోవడానికి పోయింది. బక్కమ్మను చూసుకోవడానికి నేనుంటానన్నాను. నాలుగు రోజులు నేనే దుకాణం ముందు కూర్చున్నాను. గానుగ ఆగి ఉంది. నాకు మాత్రం రోడ్డు మీద ఏ బస్సు ఆగినా తల అటే తిరిగేది. మూడో రోజు బక్కమ్మ నన్ను చూస్తూ చూస్తూ, 'సారూ, మెడలు పడ్తయ్. అది రేపొస్తది' అంది.

నేను సిగ్గుపడ్డాను. ఆమె ఊరుకోలేదు. 'నీకు పెండ్లాం లేదు. నా కోడలికి మొగడు లేడు. నా కోడలు నిన్ను చూసినప్పుడల్ల గరాటు కింద పడేస్తాంది. జర ఆలోచన జెయ్యరాదు' అంది.

విమలా, ఒక అత్త తన కోడలికి సంబంధం అడుగుతోంది.

స్నేహలత అడవి నుంచి ఇప్పనూనె తెచ్చింది. ఇప్పగింజల నుంచి తీసేది, చలికి వెన్నలా గడ్డకట్టి ఉంటుంది. మడమలకు ఇంతకు మించింది లేదట. ఒక డబ్బా బక్కమ్మకు, ఒకటి నాకు. డబ్బా ఇస్తూ ఆమె నా ముఖం చూడలేదు, నేను ఆమె ముఖం చూడలేదు. బక్కమ్మ ఇద్దరి ముఖాలూ చూసింది.

నాకు అరవై మూడు. ఆమెకు యాభై ఆరు. నాకు ఈ పెళ్ళి చేసుకోవాలని ఉంది. నీకు చెప్పకుండా ఒక్క అడుగు వెయ్యను.

నీ అన్న


బల్లార్షా,
మార్చి

అన్నకు,

ఉత్తరం అందింది.

నూనె బాగుందని గానుగను ఇంటికి తెచ్చుకుంటారా?

గ్రేస్ నీకు భార్య కాకముందే నాకు స్నేహితురాలు. ఆ ఇంట్లో ఆమె కుట్టిన కర్టెన్లు ఇంకా వేలాడుతున్నాయి. ఆ కర్టెన్ల వెనక ఇంకొకరు తిరగడం నేను ఊహించుకోలేకపోతున్నాను. పైగా వాళ్ళు మొక్కే దేవుళ్ళు వేరు, మన ప్రార్థన వేరు. సంఘంలో నలుగురూ ఏమంటారో ఆలోచించావా? ప్రీతికి చెప్పావా?

నీ ఇష్టం నీది. నన్ను మాత్రం సంతోషించమని అడగకు. నూనె సీసా పంపనక్కర్లేదు.

విమల


కాజీపేట,
మార్చి చివర

విమలా,

నీ మీద నాకు కోపం లేదు. ఆ కర్టెన్లు నేను కూడా రోజూ చూస్తాను. పోయిన నెల వాటిని ఉతికి, ఇస్త్రీ చేసి మళ్ళీ నేనే కట్టాను. గ్రేస్ చోటు ఎవరికో ఇస్తున్నానని నువ్వు అనుకుంటున్నావు. ఆమె చోటు అక్కడే ఉంది, ఉంటుంది. నేను అడుగుతున్నది ఇంకో కుర్చీ వేసుకోవచ్చా అని.

నీ ఉత్తరం స్నేహలతకు చదివి వినిపించాను. దాచలేదు. గానుగ గురించి నువ్వు రాసిన మాటకు ఆమె కొంచెం నవ్వింది కూడా. చివరికి మాత్రం, 'మీ అన్నాచెల్లెండ్ల నడుమల నేను రాను సారూ. ఆమె మనసు కష్టపెట్టి చేసుకునే పెండ్లి నాకొద్దు' అంది. అప్పటి నుంచి నేను వెళితే సీసా ఇస్తుంది, లోపలికి వెళ్ళిపోతుంది. బక్కమ్మ మా ఇద్దరినీ తిడుతోంది.

ఈస్టరుకు సికింద్రాబాదు వెళుతున్నాను. ప్రీతికి అక్కడే చెబుతాను. వారం రోజులు ఉండి వస్తాను.

ఆరోగ్యం జాగ్రత్త. ఆ సుద్ద చేతులకు ఏదైనా రాసుకో.

అన్న


బల్లార్షా,
ఏప్రిల్

అన్నా,

ఇది కూర్చుని తీరిగ్గా చదువు. కాఫీ పెట్టుకుని మరీ కూర్చో.

నువ్వు ఊర్లో లేవని తెలిసే నేను కాజీపేట వచ్చాను. మీ బావతో కూడా, 'దుకాణం చూసి వస్తాను, అంతే' అన్నాను. నువ్వు లేనప్పుడు ఆమె ఎట్లా ఉంటుందో నాకు చూడాలనిపించింది. పొద్దున బండి దిగి, స్టేషన్ నుంచి ఆటోలో నేరుగా గానుగ దగ్గరికి పోయాను. నేనెవరో చెప్పుకోలేదు. అరలీటరు నువ్వుల నూనె కావాలన్నాను.

ఆమె ఏదో అడిగింది. నాకు వినపడలేదు. నా చెవుల సంగతి తెలిసిన వాళ్ళందరూ ఏం చేస్తారో నీకు తెలుసు కదా, అరుస్తారు. నువ్వు కూడా అరుస్తావు. ఆమె అరవలేదు. గానుగ ఆపింది. బల్ల చుట్టూ తిరిగి వచ్చి నా ఎదురుగా స్టూలు వేసుకుని కూర్చుంది. నా కళ్ళలోకి చూస్తూ మెల్లగా, పెదవులు కనపడేలా, 'చేతులు గిట్ల పలిగినయేందక్కా?' అంది. నాకు ప్రతి అక్షరం తెలిసింది. మోటారు ఆగింది కాబట్టి కావచ్చు. కాకపోవచ్చు.

తర్వాత నా చేతులు తడిబట్టతో తుడిచి, నూనె వేసి, ఒక్కొక్క వేలే రుద్దింది. నేను బల్లార్షా నుంచి దెబ్బలాటకు వచ్చిన మనిషిని. చేతులిచ్చి కూర్చున్నాను.

ఇంతలో ఎవరో వస్తే ఆమె నూనె తీయగా మిగిలిన చెక్క తూచడానికి వెనక గదిలోకి పోయింది. నులక మంచం మీద బక్కమ్మగారు, పక్కన నేను. తర్వాత జరిగింది నువ్వు ఉండి చూడాల్సింది. ఆమె అరిచింది, 'ఏ ఊరు బిడ్డా?' నేను అరిచాను, 'బల్లార్షా!' ఆమె, 'బల్లలా? బల్లలమ్ముతవా?' నేను, 'కాదు, రైల్వే స్టేషను! మా అన్న కూడా రైల్వేలనే! సుందర్ రావు!'

ఆ పేరొక్కటి మాత్రం ఆమెకు ఎట్లా వినపడిందో! మంచం మీద లేచి కూర్చుంది. 'సారు చెల్లెవా? పెండ్లికి ఒప్పుకోనిది నువ్వేనా?'

చెవిటివాళ్ళకు తమ గొంతు ఎంత దూరం పోతుందో తెలియదు. మేమిద్దరం చెవిటివాళ్ళమే. నేను కూడా అంతకంటే గట్టిగా, 'నేనే!' అన్నాను. అప్పటికే పక్క కటింగ్ షాపతను కత్తెర పట్టుకుని బయటికి వచ్చాడు. సగం క్షవరమైన మనిషి అతని వెనక నిలబడ్డాడు. చాయ్ హోటల్ ముందు ఆటోలు ఆగాయి. నేను ఏదీ గమనించలేదు.

'ఎందుకు ఒప్పుకోవు?' అంది.

'పోయిన మా వదిన నా దోస్తు!' అన్నాను.

'పోయినోడు నా కొడుకు. నా కడుపున పుట్టినోడు. నేను ఒప్పుకోలేదా?' అంది.

ఆమె నా చెయ్యి పట్టుకుని, 'వాడు పోయిన్నాడు అది బొట్టు తీస్తా అన్నది. వద్దన్న. నువ్వు మంచిగుంటేనే నా కొడుకు కండ్లల్ల మెదుల్తడన్న. నేనెన్నొద్దులుంట? నేను పోయినంక, తిన్నవా అని దాన్ని అడిగెటోడు ఎవడు?' అంది. నేను ఏడ్చేశాను. ఆమె కొంగుతో నా కళ్ళు తుడిచింది. గ్రేస్ కోసం ఇన్నేళ్ళలో అంత ఏడుపు ఏడవలేదు. ఏడ్చాక తేలిగ్గా ఉంది.

స్నేహలత బయటికి వచ్చి చూస్తే దుకాణం ముందు సగం కాజీపేట ఉంది. ఆమెకు సంగతి అర్థమై మొహానికి కొంగు అడ్డం పెట్టుకుంది. సగం క్షవరమైన మనిషి, 'ఏమాయె? ఒప్పుకున్నదా?' అని అడిగాడు. అందరూ నా వైపు చూశారు. నేను లేచి, టీచరు గొంతుతో, 'ఒప్పుకున్నాను!' అన్నాను. ఈలలు వేశారట, నాకు వినపడలేదు. చాయ్ హోటలతను అందరికీ చాయ్ పంపించాడు.

తర్వాత మేమిద్దరం లోపల కూర్చుని మాట్లాడుకున్నాం. ఆమె తలుపు మీది సమ్మక్క సారలమ్మల పటం చూపించి, 'నన్ను మారమంటరా వదినె?' అని అడిగింది. 'నువ్వు మారితే మా అన్న గుర్తుపట్టడు' అన్నాను. మీ పాస్టరుగారితో నేను మాట్లాడి వచ్చాను. చర్చిలో పెళ్ళి కుదరదు గానీ, రిజిస్ట్రారు ఆఫీసులో అయ్యాక ఇంటికి వచ్చి ప్రార్థన చేస్తానన్నారు. బెంచీ సంగతి కూడా చెప్పారు.

ఎదురింట్లో తాళంచెవి తీసుకుని నీ ఇల్లు కూడా చూశాను. కర్టెన్లు బాగా ఉతికావు. ఉండనివ్వు. స్నేహలతకు గ్రేస్ వెన్న సంగతి చెబితే, 'ఎన్న రాసిన చేతులు' అని నా అరచేతులు తిప్పి చూసింది.

నువ్వు సికింద్రాబాదు నుంచి తిరిగి వచ్చేసరికి, నీ పెళ్ళి ఖాయమైనట్టు కాజీపేటలో తెలియనివాడివి నువ్వొక్కడివే అయి ఉంటావు. కాబట్టి నడిచేటప్పుడు కాస్త ఠీవిగా నడువు.

మీ బావకు కంటి ఆపరేషను తేదీ ఇచ్చారు, అది దాటితే వానాకాలమే అంటున్నారు. నీ తేదీ, ఆ తేదీ కలిసిపడితే నేను రాలేను. రాలేకపోతే ఒక్క ముక్క వదలకుండా రాయాలి.

నీ చెల్లె,
విమల


కాజీపేట,
జూన్

విమలా,

ఒక్క ముక్క వదలకుండా రాస్తున్నాను.

ముందు బావ కన్ను ఎట్లా ఉంది? నీ ముఖం స్పష్టంగా కనపడుతోందా, కనపడి ఏమన్నారు?

ప్రీతి ముందు రోజే వచ్చింది. నేను ఈస్టరుకు పోయి భయపడుతూ చెప్పినప్పుడు, 'డాడీ, నాకెప్పుడో డౌటొచ్చింది. వీడియో కాల్‌ల నీ మొఖం మెరుస్తాంది. నా లోషన్‌కు అంత సీన్ లేదు' అంది. ఇప్పుడు వచ్చి స్నేహలత చీర కుచ్చిళ్ళు తానే సర్దింది. ఆకుపచ్చ నేత చీర. ప్రీతి మల్లెపూలు తెచ్చింది. అద్దం ముందు ఇద్దరూ ఏం మాట్లాడుకున్నారో నాకు తెలియదు, నవ్వులు మాత్రం బయటికి వినపడ్డాయి.

పెళ్ళికి ఇచ్చిన నెల రోజుల నోటీసు గడువు ముగిసింది, ఎవరూ అభ్యంతరం చెప్పలేదు. రిజిస్ట్రారు ఆఫీసుకు రెండు ఆటోల్లో పోయాం. సాక్షులుగా ప్రీతి, కటింగ్ షాపు కుమారస్వామి, బక్కమ్మ. కుమారస్వామిని నువ్వు చూశావు, కత్తెర పట్టుకుని బయటికి వచ్చినాయన. పెళ్ళికి తానూ కారకుణ్ణేనని ఊరంతా చెప్పుకుంటున్నాడు.

ఆఫీసరు చిన్నవాడు, మర్యాదస్తుడు. బక్కమ్మను చూసి, 'అవ్వా, నువ్వు పెండ్లికొడుకు తల్లివా?' అని అడిగాడు. ఆమెకు వినపడలేదు. స్నేహలత ఎదురుగా పోయి చెప్పింది. బక్కమ్మ, 'కాదు. పిల్ల అత్తను' అంది.

'అదే కదా, పెండ్లికొడుకు తల్లి.'

'కాదయ్యా. మొదటి మొగని తల్లిని. నా కొడుకు పోయిండు. నా కోడలికి నేనే చేస్తాన పెండ్లి.'

ఆఫీసరు రాస్తున్న కలం పక్కన పెట్టాడు. లేచి నిలబడి, తన కుర్చీ తెచ్చి ఆమెకు వేశాడు. ఆమె మాత్రం అదేదో రోజూ జరిగేదే అన్నట్టు కూర్చుంది.

ఇక వేలిముద్రలు. నాది ఒక్కసారికే పడింది. పోయిన డిసెంబరులో అయితే ఆ యంత్రానికి నా వేలూ చెక్కముక్కా ఒక్కటే అయ్యేవి. స్నేహలతది పడింది, ప్రీతిది, కుమారస్వామిది పడ్డాయి. బక్కమ్మ బొటనవేలు పెట్టింది. యంత్రం ఎర్రగా వెలిగింది. మళ్ళీ పెట్టింది. ఎరుపే. మిగతా వేళ్ళు కూడా చూశారు. ఒళ్ళంతా మెత్తబడినా, ఏళ్ళ తరబడి నూనెచెక్కలు పిసికిన వేళ్ళు కదా, కొసలు అరిగి, ఎండి ఉన్నాయి. గీతలు అందడం లేదు.

ఆఫీసరు నొచ్చుకుంటూ, 'ముద్ర పడకపోతే వేరే సాక్షిని పెట్టుకోండి. బయట ఎవరైనా ఉన్నారా?' అన్నాడు. కుమారస్వామి అప్పటికే తలుపు దాకా పోయాడు. బక్కమ్మకు మాటలు వినపడలేదు గానీ, సంగతి అర్థమైంది. చేతులు ఒళ్ళో పెట్టుకుని, కిందికి చూస్తూ కూర్చుంది. విమలా, ఆమె తల దించుకోవడం నేను ఎప్పుడూ చూడలేదు.

స్నేహలత, 'ఎవ్వలు వద్దు. అత్తనే పెడ్తది' అంది. పెళ్ళిచీర కుచ్చిళ్ళు నలిగిపోతాయని ప్రీతి అంటున్నా వినకుండా, బక్కమ్మ ముందు నేల మీద కూర్చుంది. నీళ్ళ సీసా మూత విప్పి ఆ వేళ్ళు తడిపింది. తడి ఆరకముందే సంచిలోంచి ఇప్పనూనె తీసి, గోరంత, బొటనవేలి కొసకు రాసి, రెండు అరచేతుల మధ్య పెట్టుకుని మెల్లగా రుద్దుతూ కూర్చుంది. ఎవరూ తొందరపెట్టలేదు. మా వెనక ఇంకో జంట వచ్చి నిలబడింది, పాతికేళ్ళ పిల్లలు. వాళ్ళూ ఆగి చూశారు. చర్మం మెత్తబడి, వెచ్చబడి, కాస్త రంగు వచ్చాక, కొంగుతో జిడ్డంతా శుభ్రంగా తుడిచి, ఆ వేలు తానే పట్టుకుని యంత్రం అద్దం మీద పెట్టింది.

ఎరుపు.

'జర ఆగుండ్రి' అని, ఆ వేలు తన చెంపకు ఆనించుకుంది. కళ్ళు మూసుకుంది. తర్వాత మళ్ళీ పెట్టింది.

పచ్చగా వెలిగింది.

ఆఫీసంతా చప్పట్లు. వెనక జంట కూడా కొట్టారు. ప్రీతి ఏడుస్తూ ఫొటో తీసింది, అందుకే అది మసకగా వచ్చింది, ఈ ఉత్తరంతో పంపిస్తున్నాను. ఆఫీసరు సంతకాలు చూపించి, 'అయిపోయింది' అన్నాడు. పూలదండలు మార్చుకున్నాం. ఆమెకు నవ్వు ఆగలేదు.

సాయంత్రం పాస్టరుగారు వచ్చి ప్రార్థన చేశారు. వచ్చే వారం ముగ్గురం బల్లార్షా వస్తున్నాం. బావ కంటికి పథ్యమేమైనా ఉంటే రాయి, స్నేహలత దాన్ని బట్టే వండుతానంది. నీకు మూడు సీసాలు తెస్తున్నాం.

ఆఫీసు మెట్లు దిగుతుంటే బక్కమ్మ నా మోచెయ్యి పట్టుకుంది. నేను, 'మెల్లగా దిగండి అమ్మా' అన్నాను. వినపడదనుకున్నాను. మెట్టు మీద ఆగి, నా ముఖంలోకి చూసి, వీధంతా వినపడేలా, 'సారూ అనుడు ఇయ్యాల్టి సంది బంద్' అంది. 'అల్లుడా, ఆకలైతాంది. నడువు.'

నీ అన్న,
సుందర్ రావు